అప్‌డేట్: చిన్న కూన 650 గ్రాములకు వచ్చింది

షెల్టర్ నుంచి తెచ్చి పెంచుతున్న మూడు పిల్లికూనల్లో చిన్నది బరువు పెరగడం లేదని, విరేచనాలు ఆగడం లేదని నెల కిందట అడిగాను. అప్పటికి వాటికి మూడు వారాలు, చిన్నది 240 గ్రాములే. జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు.

తప్పు నాదే. గేదె పాలల్లో నీళ్లు కలిపి పట్టాను. ఆ పాలు కూనలకు అరగవని డాక్టరు గారు చెప్పి, పిల్లికూనల పాలపొడి రాసిచ్చారు. నులిపురుగుల మందు కూడా వేశారు. ఇంకో తప్పు, పసిపాపను పట్టుకున్నట్టు వెల్లకిలా పడుకోబెట్టి తాగించడం. అలా చేస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తితే చాలు. ఈ సంగతి ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో.

రోజూ పొద్దున్నే వంటింటి కాటా మీద తూచి రాసుకున్నాను. మొదటి నాలుగు రోజులు అంకె కదల్లేదు, చాలా టెన్షన్ పడ్డాను. ఐదో రోజు 8 గ్రాములు పెరిగింది. అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేశాను. తర్వాత రోజుకు 10 నుంచి 20 గ్రాముల చొప్పున పెరుగుతూ వచ్చింది.

ఇప్పుడు మూడూ మట్టి పోసిన ట్రేలోనే ఒకటికి, రెంటికి వెళ్తున్నాయి, నానబెట్టిన పిల్లికూనల ఆహారం తింటున్నాయి. వచ్చే వారం మొదటి టీకా. పెద్దవి రెండూ ఒకే ఇంటికి వెళ్తున్నాయి. చిన్నది కిలోకి దగ్గరయ్యే దాకా నా దగ్గరే ఉంటుంది.