రన్నింగ్‌లో టైమింగ్ బెల్టు తెగింది, హెడ్ దింపకముందే వాల్వుల సంగతి తెలుసుకోవచ్చా?

కోదాడ_డస్టర్:
డస్టర్ 1.5 డీజిల్, 2014 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మీటర్ 1,18,000 చూపిస్తోంది. పాత ఓనర్ టైమింగ్ బెల్టు (కింది క్రాంక్ నుంచి పైన క్యామ్‌ను తిప్పేది) మార్పించానన్నాడు కానీ బిల్లు లేదు. మొన్న సూర్యాపేట దాటాక 90 స్పీడులో ఉండగా ఠక్కుమని శబ్దం వచ్చి ఇంజిన్ ఆగిపోయింది, స్టీరింగ్ బరువెక్కింది, ఎలాగోలా పక్కకు తీశాను. టో చేయించి షెడ్డుకు తెచ్చాక కవరు విప్పితే బెల్టు తెగి ఉంది. మెకానిక్ ఏమో కొత్త బెల్టు వేసి స్టార్ట్ చేసి చూద్దాం, లక్కుంటే ఏమీ కాదు అంటున్నాడు. ఇంకో షెడ్డాయన హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే వాల్వుల భాగం) దింపాల్సిందే, 60 వేలు దాటుతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది. ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా?

డీజిల్_మేస్త్రి:
తమ్ముడూ, ముందు చేయాల్సింది ఒకటే, ఎవ్వరినీ సెల్ఫ్ కొట్టనివ్వకు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చేసరికి హెడ్‌కీ దానికీ మధ్య ఖాళీ దాదాపు ఉండదు. బెల్టు తెగగానే వాల్వులను తెరిచే క్యామ్ ఉన్నచోటే ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరిచే ఉంటాయి, బండి గేర్‌లో ఉంది కాబట్టి కింద పిస్టన్లను ఆడించే క్రాంక్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, పిస్టన్ వచ్చి ఆ వాల్వులను గుద్దుతుంది. 90లో తెగిందంటే ఒకటి రెండైనా వంగే ఉంటాయి, లక్కు మీద పెట్టుకోకు. స్విఫ్ట్ డీజిల్‌కి ఈ బెల్టు బదులు చైన్ ఉంటుంది, ఆ బండ్ల అనుభవంతో చెప్పే మాటలు దీనికి పనికిరావు.

హెడ్ దింపకముందే తెలుసుకోవచ్చు. బ్యాటరీ వైరు తీసి, క్రాంక్‌ను స్పానర్‌తో టైమింగ్ మార్కు (1, 4 పిస్టన్లు పూర్తిగా పైనుండే గుర్తు) నుంచి పావు చుట్టు తిప్పితే నాలుగు పిస్టన్లూ మధ్యలోకి వస్తాయి. అప్పుడు క్యామ్‌ను దాని మార్కుకు తెచ్చి, క్రాంక్‌ను వెనక్కి మార్కుకు తెచ్చి, పిన్నులతో లాక్ చేసి బెల్టు ఎక్కించాలి. పిన్నులు తీసేసి చేత్తోనే రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చేయొద్దు, అక్కడితో ఆపేసి హెడ్ విప్పడమే. ఫ్రీగా తిరిగితే గ్లో ప్లగ్గులు (చల్లని ఇంజిన్ స్టార్ట్ అవడానికి వేడెక్కించేవి) తీసి, ఆ రంధ్రాల్లో గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడండి. సెల్ఫ్ కొట్టాల్సింది అప్పుడే, అదీ డీజిల్ కొట్టకుండా ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకేసి. వాల్వ్ వంగిన సిలిండర్‌లో ముల్లు దాదాపు లేవదు.

హైవే_రామం:
మేస్త్రి గారు చెప్పింది కరెక్ట్. దానికి తోడు నేనొకటి చెప్తాను, చాలామంది పట్టించుకోరు. తెగిన బెల్టును పారేయనివ్వకు బ్రదర్, ఎందుకు తెగిందో అదే చెప్తుంది. ఒకచోట పళ్లు వరసగా లేచిపోతే లోపల ఏదో పట్టేసిందని అర్థం, వాటర్ పంప్ గానీ బెల్టుకు దారి చూపే ఐడ్లర్ బేరింగ్ గానీ. అంచులు పీచులు పీచులుగా ఉంటే పుల్లీ ఏదో వంకర తిరుగుతోంది. ఆయిల్‌తో ఉబ్బి మెత్తగా ఉంటే క్యామ్ ఆయిల్ సీలో క్రాంక్ ఆయిల్ సీలో లీకు. అడ్డంగా కత్తితో కోసినట్టు తెగితే బిగించేటప్పుడే దాన్ని మడిచి ఉంటారు, లోపలి గ్లాస్ ఫైబర్ దారాలు అప్పుడే దెబ్బతింటాయి. బయటి ఆల్టర్నేటర్ బెల్టు కూడా చూడు, అది చీలి పోగులు పుల్లీ వెనక నుంచి టైమింగ్ కవరులోకి దూరినా ఇదే గతి. కారణం తెలియకుండా కొత్త బెల్టు వేస్తే అదీ పోతుంది.

ఇన్సూరెన్స్ ఆశ వద్దు. మామూలు మోటార్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల కవర్ కావు. ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకుని ఉంటే దాని షరతులు చదువు, అది ఎక్కువగా నీళ్లు వెళ్లినప్పుడు, ఆయిల్ కారిపోయినప్పుడు పనికొచ్చేది.

కోదాడ_డస్టర్:
థాంక్స్ అన్నా, మేస్త్రి గారూ. మీరు చెప్పినట్టే దగ్గరుండి చేయించాను. చేత్తో తిప్పితే ఎక్కడా ఆగలేదు. కంప్రెషన్ 1, 4 సిలిండర్లలో బాగుంది, 2, 3లో ముల్లు కదల్లేదు. బెల్టు మీద ఒక జానెడు మేర పళ్లు లేవు. వాటర్ పంప్ పుల్లీ తిప్పితే గరగరమంటోంది, దాని కింద కూలెంట్ కారి ఎండిన మరక ఉంది. ఇప్పుడు హెడ్ దింపుతున్నారు. ఏమేం కొనమంటారు?

డీజిల్_మేస్త్రి:
పంపే పట్టేసిందన్నమాట. దీన్ని తిప్పేది కూడా టైమింగ్ బెల్టే కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, ఐడ్లర్, పంప్ కలిపి కిట్‌గా కొను, బయటి బెల్టు కూడా కొత్తదే వెయ్యి. హెడ్ బోల్టులు పాతవి మళ్లీ వాడనివ్వకు, అవి బిగించినప్పుడే సాగుతాయి. లేత్ షాపులో హెడ్‌ను పోర్టులు (గాలి, పొగ దారులు) పైకి వచ్చేలా ఒరిగించి, వాటిలో కిరోసిన్ పోయించు. ఏ వాల్వ్ చుట్టూ చెమ్మ వస్తే అది సరిగ్గా మూసుకోనట్టే, వంగి ఉండొచ్చు. ఆ వాల్వులతో పాటు వాటి గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు) పగిలాయా, క్యామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉండే ట్యాపెట్లు, క్యామ్ క్యాపులు బాగున్నాయా చూడమను. ఫేస్ కొట్టేస్తాం (హెడ్ అడుగు చెక్కి చదును చేస్తాం) అంటే వెంటనే సరే అనకు, ఈ హెడ్‌కి ఎంతవరకు అనుమతో వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసి చెప్పమను.

అన్నిటికంటే ముందు పిస్టన్లు చూడు. పైన నెలవంక ఆకారంలో చిన్న గాట్లు ఉంటే భయం లేదు, పగుళ్లు ఉండకూడదు అంతే. డయల్ గేజ్ పెట్టి నాలుగు పిస్టన్లూ బ్లాకు పైకి ఎంత వస్తున్నాయో కొలిపించు. 2 గానీ 3 గానీ మిగతావాటికంటే కిందుంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగినట్టు, అప్పుడు ఖర్చు లెక్కే మారిపోతుంది. ఆ కొలత తేలేదాకా లేత్ వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకు.