నాన్నగారి సైకిలు టైర్లను మార్చకుండా బాగుచేసుకోవడం సాధ్యమేనా?

ప్రశ్న

నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా తొక్కిన సైకిలు ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఫ్రేముకు పట్టిన తుప్పు గీకాను, గొలుసు శుభ్రం చేశాను, బేరింగులకు కొత్త గ్రీజు పెట్టాను, బ్రేకు రబ్బర్లు మార్చాను. వాటిలో దేన్ని మార్చినప్పుడూ నాకు బాధ కలగలేదు కానీ, టైర్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడడం లేదు. ఆ రెండింటినీ ఆయన చివరి సంవత్సరాల్లో తన చేతులతోనే ఎక్కించుకున్నారు. ముందు టైరు పక్కన డైనమో చక్రం ఒరుసుకుని పడిన గాడి చుట్టూతా కనిపిస్తుంది. రాత్రిపూట ఆయన ఇంటి దగ్గరికి వచ్చేశారని మాకు ముందుగా తెలిసేది ఆ డైనమో చేసే సన్నని రొదతోనే.

వెనుక టైరుకు ఒకచోట గట్లు పూర్తిగా అరిగిపోయి, బొటనవేలి గోరంత మేర లోపలి నూలు దారాలు బయటపడ్డాయి. రెండు టైర్ల పక్కలకూ సన్నని పగుళ్లు ఉన్నాయి. సైజు 28 × 1½ అని ఉంది. ఈ టైర్లనే బాగుచేసి, వారానికి ఒకసారైనా నెమ్మదిగా తొక్కుకునే స్థితికి తేవడం కుదురుతుందా? పగుళ్లకు నూనె రాస్తే రబ్బరు మళ్లీ మెత్తబడుతుందని ఒకరు చెప్పారు. అది నిజమేనా?

మొదటి సమాధానం

ముందుగా ఒక్క మాట: దయచేసి నూనె రాయకండి. కిరోసిన్, యంత్రాల నూనె, గ్రీజు వంటివి సహజ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి బలహీనపరుస్తాయి. నూనె రాసిన టైరు కొద్ది రోజులు నిగనిగలాడుతుంది కాబట్టి బాగుపడినట్లు భ్రమ కలుగుతుంది. రబ్బరు పగిలేది తడి ఆరిపోయినందువల్ల కాదు. గాలిలో స్వల్పంగా ఉండే ఓజోను, సాగి ఉన్న రబ్బరు మీద పనిచేసి దాని అణువుల గొలుసులను తెంపుతుంది. ఎండ, ఆక్సిజన్ ఆ పనికి తోడవుతాయి. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంటు పొందిన పద్ధతిలో రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసినప్పుడు ఆ గొలుసుల మధ్య ముడులు పడతాయి, రబ్బరుకు సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం వాటి వల్లనే వస్తుంది. తెగిపోయిన గొలుసులను పైన రాసే ఏ పూతా తిరిగి కలపలేదు.

అయితే మీరు నిరాశపడనక్కరలేదు, ఎందుకంటే టైరులో లోపలి గాలి ఒత్తిడిని తట్టుకునేది పైన కనిపించే రబ్బరు కాదు, దాని కింద ఉన్న గుడ్డ పొర. ఆ గుడ్డ గట్టిగా ఉంటే అరిగిన టైరుకు కూడా కొంత ఆయుష్షు మిగిలి ఉన్నట్లే. టైరును రిమ్ము నుంచి తీసి, మంచి వెలుతురులో లోపలి వైపు తిప్పి, అంగుళం అంగుళం వేలితో తడిమి చూడండి. దారాలు తెగాయా, లేక పైకి కనిపిస్తున్నాయే తప్ప బిగువుగానే ఉన్నాయా? గుడ్డ నుంచి రబ్బరు విడిపోయి బుడిపెలాగా ఉబ్బిందా? అంచులోని ఉక్కు తీగకు తుప్పు పట్టిందా? ఈ మూడింటిలో తీగ పాడైన టైరును మాత్రం ఎంత ప్రేమ ఉన్నా తొక్కడానికి వాడకూడదు, ఎందుకంటే టైరును రిమ్ములో పట్టి ఉంచేది ఆ తీగే.

దారాలు బయటపడినా తెగకుండా ఉన్నచోట లోపలి నుంచి గేటరు, అంటే బలం కోసం అతికించే టైరు ముక్క, వేయవచ్చు. పాత పలుచని టైరు ముక్కను అంచు తీగ లేకుండా, అరిగిన చోటికి నాలుగు వైపులా రెండేసి వేళ్ల వెడల్పు మిగిలేలా కత్తిరించుకోండి. దాని అంచులను ఏటవాలుగా చెక్కడం చాలా ముఖ్యం. చెక్కకపోతే ఆ మెట్టు ట్యూబును ఒరుసుకుని కొద్ది రోజుల్లోనే చిల్లి పెడుతుంది. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, పంక్చర్లకు వాడే సొల్యూషన్ పలుచగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరిన తరువాతనే అతికించి గట్టిగా అదమండి. తడిగా ఉండగానే అతికిస్తే అది పట్టదు. ఒక రాత్రంతా బరువు కింద ఉంచి, చివరగా చుట్టూ టాల్కం పౌడరు చల్లండి. పైనున్న చిన్న కోతలకు క్షణంలో అంటుకునే జిగురు వాడకండి, అది గట్టిపడి పెళుసవుతుంది. చెప్పుల అడుగులు అతికించే సాగే జిగురు మేలు.

గాలిని మరీ బిగువుగా కొట్టకుండా కాస్త తగ్గించండి. అలాగని బాగా తగ్గిస్తే టైరు పక్కలు ఎక్కువగా వంగి, ఉన్న పగుళ్లు ఇంకా విచ్చుకుంటాయి.

రెండో సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. మా తాతగారి సైకిలుకు నేనూ ఇలాగే బాగుచేసిన పాత టైరును ముందు చక్రానికి వేశాను. దిగుడులో అంచు తీగ తెగి, టైరు రిమ్ము దాటి బయటికి వచ్చింది. ట్యూబు పేలిన చప్పుడు వినిపించేలోపే హ్యాండిలు నా మాట వినడం మానేసింది. మోచేయి విరిగింది. వెనుక టైరు పేలితే సైకిలు తూలుతుంది కానీ నిలదొక్కుకునే వ్యవధి ఉంటుంది. ముందు టైరు ఆ వ్యవధి ఇవ్వదు. అందుచేత ముందు చక్రానికి కొత్త టైరే వేయండి. కొనేటప్పుడు 28 అన్న అంకెను మాత్రమే చూడకండి, ఎందుకంటే 622 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోయే టైర్ల మీద కూడా 28 అనే ఉంటుంది. మీ 28 × 1½ రిమ్ముకు కావలసింది 40-635 (టైరు వెడల్పు, రిమ్ము వ్యాసం మిల్లీమీటర్లలో) అని రాసి ఉన్న టైరు.

మూడో సమాధానం

తొక్కడానికి పనికిరాదని తేలిన టైరును పారేయవలసిన అవసరం లేదు. వీలైతే పాత చక్రాలను పాత టైర్లతోనే ఉంచి, సైకిలుకు మరో జత చక్రాలు అమర్చుకోండి. టైరును సబ్బునీటితో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, ఆకారం నిలిచేంత మేరకే గాలి నింపండి. మేకుకు తగిలించకండి, మడవకండి. ఒకే చోట బరువు పడితే అక్కడ మడత పడి గుడ్డ విరుగుతుంది. ఎండ తగలని, చల్లని గదిలో ఉంచండి. ఆ గదిలో విద్యుత్ మోటారు లేకుండా చూసుకోండి, ఎందుకంటే దాని నిప్పురవ్వల నుంచి ఓజోను పుడుతుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రెండు టైర్లనూ తీసి చూశాను. ముందు టైరు అంచు తీగ రెండుచోట్ల తుప్పుతో సగానికి సన్నబడింది. దాన్ని ఇక తొక్కను. డైనమో గాడితో సహా అలాగే దాచి, చక్రానికి 40-635 కొత్త టైరు వేస్తాను.

వెనుక టైరును లోపలి వైపు తిప్పినప్పుడు, అరిగిన చోటికి జానెడు దూరంలో నాన్నగారు ఎప్పుడో వేసిన గేటరు కనిపించింది. అంచులు కాగితమంత పలుచగా చెక్కి, చుట్టూ మందపాటి దారంతో కుట్టారు. ఆ ముక్క మీద వెలిసిన ఎర్రని గీత ఉంది. చిన్నప్పుడు నేను తొక్కిన చిన్న సైకిలు టైరుకు సరిగ్గా అలాంటి గీతే ఉండేది. ఆ సైకిలు ఏమైపోయిందని నేను ఎన్నడూ ఆయనను అడగలేదు.

ఆ గేటరు ఇప్పటికీ గోటితో లాగినా ఊడి రావడం లేదు, చుట్టూ ఉన్న గుడ్డ కూడా గట్టిగానే ఉంది, అంచు తీగ బాగుంది. అందువల్ల దాన్ని కదపకుండా, కొత్తగా అరిగిన చోట నేను ఇప్పుడు తొక్కుతున్న సైకిలు పాత టైరు నుంచి ఒక ముక్క కత్తిరించి వేశాను. అంచులు ఆయన చెక్కినంత పలుచగా నాకు రాలేదు. రెండుసార్లు చెడగొట్టి మూడోసారి సరిచేశాను. ప్రస్తుతం అది బరువు కింద ఉంది. రేపు ఉదయం పౌడరు చల్లి, ట్యూబు వేసి, గాలి కొట్టి చూస్తాను.