‘ర్యూ’ అంటే శైలి కాదు: జూజుత్సు పేర్లలోని నీటి మాటలు

మొన్న ఈ సమూహంలో ఒక సభ్యురాలు వేసిన ప్రశ్నను ముందుగా మళ్లీ ఇక్కడ పెడుతున్నాను. జపాన్ యుద్ధవిద్యల గురించిన వ్యాసం ఒకటి ఆవిడ తెలుగు చేస్తున్నారు. అందులో ‘తెంజిన్ షిన్‌యో ర్యూ’, ‘తకమురా హ షిందో యోషిన్ ర్యూ’ వంటి పేర్లు తరచుగా వస్తున్నాయి. ఇవి జూజుత్సు అనే విద్యలోని సంప్రదాయాల పేర్లు; ప్రత్యర్థిని పట్లతో లొంగదీసే జపాను పోరువిద్య అది. ‘ర్యూ’ను ‘శైలి’ అని, ‘హ’ను ‘ఉపశైలి’ అని రాయవచ్చునా అన్నది ఆవిడ సందేహం. జవాబు చెప్పినవారిలో ఎక్కువమంది రాయవచ్చునన్నారు. రాయకూడదని నా అభిప్రాయం, అందుకు కారణాలు కొంచెం విస్తరంగానే చెప్పవలసి ఉంది.

శైలి చూస్తే తెలిసేది. ఒకరి రచన నాలుగు వాక్యాలు చదివి శైలిని పట్టుకోగలం, అభిమానం ఉంటే అనుకరించగలం కూడా. ర్యూ అలాంటిది కాదు. అందులో ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరి దగ్గర ఎవరు పుచ్చుకున్నారు అన్నదే ప్రధానం. శిష్యుడు మెట్టు మెట్టుగా నేర్చుకుంటూ, గురువు చేతిమీదుగా పత్రాలు అందుకుంటూ వెళ్తాడు. విద్య అంతా అందిందని గురువు ఒప్పుకున్ననాడు ‘మెన్‌క్యో కాయిదెన్’ అనే పూర్తి అనుమతి లభిస్తుంది. అది లేనివాడు పట్లన్నీ ఎంత అందంగా చేసి చూపించినా ఆ ర్యూకు వారసుడు కాలేడు. ‘శైలి’ అన్న క్షణంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం మొత్తం మాటలోంచి జారిపోతుంది.

ర్యూను ‘పాఠశాల’ అని రాయమన్నవారు ఇంగ్లీషులోని ‘స్కూల్’ అన్న మాటను చూసి అన్నారని అనుకుంటున్నాను. అది వింటే మనకు భవనమూ గంటా గుర్తుకొస్తాయి. ‘ఘరానా’ హిందుస్తానీ సంగీతంలో ఇంచుమించు ఈ అర్థానికే వాడే మాట, కానీ తెలుగులో అది ‘ఘరానా మోసం’ దాకా నడిచి వెళ్లిపోయింది కనుక ఇక్కడ పనికిరాదు. ‘బాణీ’ వీటికంటే చాలా దగ్గరది. మన నృత్య సంగీతాలలో ఫలానా గురువుగారి బాణీ అంటే ఆయన శిష్యుల వరుస కూడా స్ఫురిస్తుంది. అయినా అందులో ముందు వినిపించేది పద్ధతి, ఆ తరువాతే వంశం.

ర్యూను రాసే అక్షరానికి అర్థం ‘ప్రవహించడం’. ‘హ’ను రాసే అక్షరానికి మూలార్థం ఏరు చీలగా ఏర్పడిన పాయ. రెండింటికీ ఎడమ పక్కన నీటిని సూచించే గీతలే ఉంటాయి. ఆ రెండూ కలిసిన ‘ర్యూహ’ అన్న మాట జపాను భాషలో ఇలాంటి విద్యా సంప్రదాయాలన్నిటికీ సాధారణ నామం. ఇది తెలిశాక మనం వేరే మాట కోసం వెతకనక్కరలేదు, ర్యూకు ‘ధార’, హకు ‘పాయ’ ఉన్నాయి. అవధానంలో పద్యధార అన్నా, కత్తి అంచును ఖడ్గధార అన్నా పలికేది ఈ ధారే కాబట్టి యుద్ధవిద్యకు ఈ మాట మరింత చక్కగా అతుకుతుంది. ఇక పాయ సంగతి గోదావరి తీరంవారికి చెప్పే పని లేదు. ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది, కానీ వశిష్ఠను ఎవరూ ఉపగోదావరి అనరు. అదీ గోదావరే. ‘ఉపశైలి’లో ఉన్న దోషం ఇదే: అది పాయను మూలం కంటే తక్కువదిగా చూపిస్తుంది.

పై రెండు పేర్లనూ వాటి మూలం దాకా తీసుకువెళ్తే ఇంకో అందమైన మాట తగులుతుంది. రెండింటికీ వెనక ఉన్నది యోషిన్ ర్యూ. ‘యో’ అంటే విల్లో చెట్టు, క్రికెట్ బ్యాట్ల పుణ్యమా అని మనకు పేరు తెలిసిన చెట్టే; ‘షిన్’ అంటే హృదయం. నాగసాకికి చెందిన అకియామా అనే వైద్యుడు, మంచు బరువుకు గట్టి కొమ్మలు విరిగిపోతుండగా విల్లో కొమ్మలు వంగి, మంచును జారవిడిచి, తిరిగి లేవడం చూశాడనీ, ఆ ఎరుకతోనే తన విద్యకు ఈ పేరు పెట్టుకున్నాడనీ ఆ సంప్రదాయంలో చెప్పుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు మహాభారతం శాంతిపర్వం గుర్తుకు వచ్చింది. పెద్ద పెద్ద చెట్లను వేళ్లతో సహా పెకలించి తెస్తారు, ప్రబ్బలిని మాత్రం ఎందుకు తేరని సముద్రుడు నదులను అడుగుతాడు. వరద వచ్చినప్పుడు ప్రబ్బలి వంగుతుంది, వరద తగ్గాక మళ్లీ నిలబడుతుంది, అందుకే అది తన చోటు కోల్పోదని గంగ జవాబిస్తుంది. సంస్కృతంలో ప్రబ్బలిని వేతసం అంటారు కనుక ఆ నడవడికి ‘వైతసీ వృత్తి’ అన్న పేరు నిలిచింది. యోషిన్ అన్న రెండక్షరాలకు ఇంతకంటే దగ్గరి మాట మన దగ్గర ఉందనుకోను. జూజుత్సులోని ‘జూ’ కూడా ఈ గుణమే. దాన్ని ‘మెత్తదనం’ అంటే బలహీనత ధ్వనిస్తుంది, ‘లొంగుబాటు’ అంటే ఓటమి ధ్వనిస్తుంది. ‘ఒదుగు’ అంటే సరిపోతుంది, ‘జుత్సు’కు ‘విద్య’ ఎలాగూ ఉంది.

ఈ యోషిన్ ధారను, షిన్ నో షిందో అనే మరో ధారను ఇసో మతాయెమోన్ అనే గురువు 19వ శతాబ్దంలో ఒకటిగా కలిపి తెంజిన్ షిన్‌యో ర్యూను స్థాపించాడు. జూడో స్థాపకుడు కానో జిగోరో 1877లో మొదట చేరింది ఈ ధారలోనే. ఆపైన కితో ర్యూను కూడా అభ్యసించి 1882లో కోదోకాన్ అనే జూడో శిక్షణాలయాన్ని నెలకొల్పాడు. అదే తెంజిన్ షిన్‌యోలో ఆరితేరిన మత్సువోకా కత్సునోసుకే 1864లో షిందో యోషిన్ ర్యూను ప్రారంభించాడు. ఆ పేరులోని మొదటి ‘షిన్’ను ‘నూతన’ అన్న అర్థమిచ్చే అక్షరంతో రాసేవారు, తరువాత కొందరు ‘దైవ’ అన్న అర్థమిచ్చే అక్షరంతో రాశారు; పలుకులో తేడా లేదు. తెంజిన్ షిన్‌యోలోని ‘షిన్’ అయితే ‘సత్యం’, యోషిన్‌లోని ‘షిన్’ హృదయం. చెవికి ఒక్కటిగా వినిపించే ఈ నాలుగింటినీ అనువాదకురాలు విడివిడిగా చూసుకోవాలి.

తకమురా పాయ కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. మత్సువోకా శిష్యుడి మనవడైన తకమురా యుకియోషి ఆ విద్యను జపాను దాటించి, 1960లలో అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో స్థిరపడి నేర్పించాడు. ఇప్పుడు దాని పెద్ద ఒక అమెరికన్, కేంద్రం కొలరాడోలో ఉంది. ‘శైలి’ అని రాసి ఉంటే, ఊరూ మనుషులూ మారాక అది అదే శైలి ఎలా అవుతుందన్న ప్రశ్న వస్తుంది. ‘పాయ’ అని రాస్తే ఆ ప్రశ్నే రాదు, నీరు అదే కనుక.

కింద ఒకరు అడిగారు: మీరు ‘జూజుత్సు’ అంటున్నారు, పత్రికలలో ‘జియు జిట్సు’ అని వస్తోంది, ఏది ఒప్పు?

జపాను ఉచ్చారణకు దగ్గరిది జూజుత్సు. మొదటి అచ్చు దీర్ఘం, తకారం దంత్యం; ఈ రెండింటినీ చూపగల లిపి మనకు ఉండగా రోమను అక్షరాల మీదుగా చుట్టు తిరిగి రావడం ఎందుకు? అయితే ‘జియు జిట్సు’ను తప్పని కొట్టిపారేయకండి, అది కాలాన్ని చెప్పే ఆనవాలు. 20వ శతాబ్దం మొదట్లో పడమటి దేశాలలో ఆ మాటను అలా రాసేవారు. కోదోకాన్‌కు చెందిన మాయెదా మిత్సుయో 1914లో బ్రెజిల్ చేరి, బెలెం నగరంలో, తరువాత బ్రెజిల్ జియు జిట్సుకు పేరు తెచ్చిన గ్రేసీ కుటుంబంలోని కార్లోస్‌కు నేర్పినది నిజానికి కానో విద్యే, అంటే జూడోయే, కానీ అప్పటికి ఆ విద్యను పాత పేరుతో పిలవడం ఇంకా పోలేదు. స్వదేశంలో ‘జూడో’ స్థిరపడింది, బ్రెజిల్‌లో పాత పేరూ పాత వర్ణక్రమమూ అలాగే నిలిచిపోయాయి. కాబట్టి బ్రెజిల్ విద్య గురించి రాసేటప్పుడు జియు జిట్సు అనే రాయండి, జపాను ధారల గురించి జూజుత్సు అని రాయండి.

లండన్‌లో ఆ మాట ఇంకా దూరం కొట్టుకుపోయింది. కోబేలో జూజుత్సు నేర్చి వచ్చిన బార్టన్ రైట్ అనే ఇంజనీరు తన ఇంటిపేరును దానికి కలిపి ‘బార్టిట్సు’ అన్నాడు. 1903 నాటి షెర్లాక్ హోమ్స్ కథలో అది ‘బరిట్సు’గా మారి అచ్చయింది. తెంజిన్ షిన్‌యో నేర్చిన కోయిజుమి గుంజి 1918లో అదే నగరంలో బుదోక్వాయ్ అనే జపాను యుద్ధవిద్యల సంఘాన్ని స్థాపించాడు, ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. మన దేశానికి వచ్చిన పాయ సంగతి కూడా చెప్పాలి: రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపు మీద కోదోకాన్ శిక్షకుడు తకగాకి షింజో 1929లో శాంతినికేతన్‌కు వచ్చి విద్యార్థులకు నేర్పించాడు.

అడిగినవారు తమ వ్యాసంలో ‘తకమురా హ షిందో యోషిన్ ర్యూ’ వచ్చిన మొదటిసారి పూర్తి పేరును అలాగే ఉంచి, పక్కనే ‘షిందో యోషిన్ ధారలో తకమురా పాయ’ అని రాస్తే బాగుంటుంది. తరువాతి ప్రస్తావనలలో ‘తకమురా పాయ’ అంటే చాలు.