బోటాయ్ గుర్రాలు పెంపుడువేనా? ప్రాచీన డీఎన్‌ఏతో తేలుతుందా?

గిట్టలజాడ:
ఉత్తర కజకిస్తాన్‌లోని బోటాయ్ అనే పాత జనావాసం సుమారు క్రీ.పూ. 3500 నాటిది. కుండ పెంకుల్లో గుర్రపు పాల కొవ్వు, పళ్లపై కళ్లెం ఒరిపిడి కనిపించాయని, గుర్రాన్ని అక్కడ మచ్చిక చేశారని 2009లో అన్నారు. 2018లో జన్యువులు చదివితే నేటి పెంపుడు గుర్రాల్లో బోటాయ్ వాటా సుమారు 2.7 శాతమే. 2021లో 273 ప్రాచీన జన్యుక్రమాలు నేటి పెంపుడు గుర్రాల మూలాన్ని రష్యాలోని దిగువ వోల్గా-డాన్ నదుల వైపు చూపాయి. బోటాయ్ వాదన ఇక చెల్లదు.

ఎముకపొడి:
చెల్లదని ఎలా అంటారండీ? యూరప్ పందుల్ని చూడండి. తొలి రైతులు వాటిని పశ్చిమాసియా నుంచి తోలుకొచ్చారు. తర్వాత యూరప్ అడవిపందులతో కలిసీ కలిసీ, నేటి యూరప్ పందుల్లో ఆ పాత వాటా 4 శాతం లోపే మిగిలింది. మీ లెక్కన పశ్చిమాసియాలో పందిని మచ్చిక చేయనే లేదనాలి! వారసులు మిగిలారా అన్నది వేరు, మనిషి సాకాడా అన్నది వేరు. డీఎన్‌ఏ మొదటిదే చెబుతుంది.

గిట్టలజాడ:
సరే, రెండోదానికి ఆధారమేది? కళ్లెం ఎరగని అడవి గుర్రాల పళ్లకూ అలాంటి అరుగుదల ఉంటుందని 2021లో చూపారు. బోటాయ్ గుర్రాల ఒంటిమీది చిరుత మచ్చలే పెంపకానికి గుర్తంటారా? ఆ జన్యువు మంచుయుగపు అడవి గుర్రాల్లోనే ఉంది.

సిలికా:
ఇద్దరూ అంకెల్ని నమ్మే ముందు ఖాళీ నమూనా (ఎముక వేయకుండా అవే రసాయనాలతో చేసిన పరీక్ష) ఫలితాలు అడగండి. పశువుల డీఎన్‌ఏలో అసలు చిక్కు అక్కడే. చేతి తొడుగులు మనిషి డీఎన్‌ఏను ఆపుతాయి, కానీ ల్యాబ్ రసాయనాల్లోనే ఆవు, పంది, కోడి డీఎన్‌ఏ ఉంటుంది. పీసీఆర్‌లో (డీఎన్‌ఏ నకళ్లు పెంచే పద్ధతిలో) కలిపే బీఎస్ఏ అనే ప్రొటీన్ ఆవు రక్తం నుంచి తీసిందేగా! చెవి లోపలి గట్టి ఎముక నుంచి 50 మిల్లీగ్రాముల పొడి చాలు. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, వేడెక్కితే ఉన్న కాస్త డీఎన్‌ఏ కూడా విరిగిపోతుంది. పలుచటి బ్లీచుతో కడిగి, ఈడీటీఏ (ఎముకలోని కాల్షియాన్ని లాగేది), ప్రొటీనేజ్-కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్) కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, బయటపడ్డ డీఎన్‌ఏను సిలికాతో పట్టాలి. డీఎన్‌ఏ నిజంగా పాతదైతే ముక్కల కొసల్లో సి అనే అక్షరం స్థానంలో టి ఎక్కువగా కనబడాలి. ఆ పాడైన చోట్లను తీసేసే యూడీజీ ఎంజైమ్‌ను పూర్తిగా వాడితే ఆ గుర్తు దాదాపు చెరిగిపోతుంది, పాక్షికంగా వాడటమే మేలు.

ఎముకపొడి:
అలా తీసిన కొద్దిపాటి డీఎన్‌ఏతోనూ ఆడో మగో తేలుతుంది: మగదానిలో ఎక్స్ క్రోమోజోమ్ మిగతావాటిలో సగమే చదవబడుతుంది. మగ గుర్రపు పిల్లల్ని చిన్నప్పుడే కోసి ఆడవాటిని పెద్దయ్యేదాకా ఉంచుకుంటే అది మంద పెంపకమే. ఎముకల వయసుతో కలిపి చూడాలి.

గిట్టలజాడ:
2020లో అలాగే చూశారు. సుమారు 3900 ఏళ్ల క్రితం వరకూ ఆడా మగా దాదాపు సమానం. ఆ ముందటి ఎముకల్లో బోటాయ్‌వీ ఉన్నాయి.

ఎముకపొడి:
వయసు విడదీయకుండా మొత్తంగా లెక్కిస్తే సమానంగానే వస్తుంది కదండీ. మందలో కోసిన మగ పిల్లలూ ఆ గుట్టలోనే పడతాయి.