వర్దా నక్షత్రాల కథ: పాపకు ఏది చెప్పాలి?

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ అల్లిన పురాణగాథలు బాగా చదివినవాళ్లు సాయం చేయండి.

మా తొమ్మిదేళ్ల పాపకు రాత్రిపూట డాబా మీద ఆ గాథల్లోని నక్షత్రాల దేవత వర్దా కథ చెబుతున్నాను. టెల్పెరియన్ చెట్టు నుంచి కారిన వెండి మంచును తొట్లలోంచి తీసి, ఆ తల్లి కొత్త నక్షత్రాలు చేసింది కదా, ఆ ఘట్టం. దుష్టశక్తి మెల్కోర్‌కు హెచ్చరికగా ఉత్తరాన పెట్టిన ఏడు నక్షత్రాల కొడవలి అంటే మన సప్తర్షి మండలమేనని వేలు పెట్టి చూపించాను. పాప కళ్లు ఎంత మెరిశాయో!

తర్వాత ఆ నక్షత్రాల కింద మేలుకున్న ఎల్ఫ్‌ల (మనుషులకంటే ముందు పుట్టిన అమర జాతి) సంగతి చెబితే, ఒక్క ప్రశ్నతో నన్ను ఆపేసింది. "సూర్యుడు ఇంకా పుట్టలేదన్నావుగా, మరి ఆ చీకట్లో ఎల్ఫ్‌లు ఏం తిని బతికారు నాన్నా?"

మొక్కల దేవత యవన్నా చాలా మొక్కల్ని నిద్రపుచ్చిందని చెప్పాను. నిద్రపోతే కాయలెలా కాస్తాయంది. న్యాయమైన మాటే.

1977లో వచ్చిన సిల్మరిలియన్ పుస్తకంలో సూర్యుడు లారెలిన్ అనే బంగారు చెట్టు చివరి పండు. కానీ ముసలితనంలో టోల్కీన్ సూర్యుడు మొదటి నుంచీ ఉన్నట్టు కథ మార్చబోయాడు. ఆ రాతలు 1993లో మోర్గోత్స్ రింగ్ అనే పుస్తకంలో అచ్చయ్యాయి. అది శాస్త్రానికి దగ్గరే, కానీ నక్షత్రాల వెలుగులో కళ్లు తెరిచిన ఎల్ఫ్‌ల అందం తగ్గిపోతుందని నా బాధ.

మీరైతే పిల్లలకు ఏది చెబుతారు? పాత కథలోనే ఉంటూ తిండి సంగతి ఎలా సర్దిచెప్పాలి? వర్దాకే మరో పేరైన ఎల్బెరెత్‌ను 'తారారాణి' అనొచ్చా, ఇంకా మంచి తెలుగు పేరుందా?