మార్కు 16:18 విషం సవాలు: "అది ప్రక్షిప్తం" అంటే వాదన తేలినట్టేనా?

సందేహి:

క్రైస్తవం మీద తెలుగులో జరిగే వాదనల్లో ఈ ఘట్టం తప్పకుండా వస్తుంది. ఒకరు మార్కు 16:18 తెరుస్తారు: "మరణకరమైనదేది త్రాగినను అది వారికి హాని చేయదు". నమ్మకం ఉంటే తాగి చూపించమంటారు. దానికి ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న జవాబు: ఆ వచనం మార్కు రాసింది కాదు, పాత ప్రతుల్లో లేనే లేదు. వెంటనే అవతలి పక్షం "అయితే బైబిల్ మార్చేశారని మీరే ఒప్పుకున్నారుగా" అంటుంది. అక్కడి నుంచి ఒకరు "5,800 ప్రతులు, 99.5 శాతం శుద్ధం" అంటే, ఇంకొకరు "5 లక్షల తప్పులు" అంటారు. చివర్లో 325 నాటి బిషప్పుల సమావేశం, నైసియా సభ వస్తుంది, ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

నాకు కావలసింది మూడు సంగతులు. 16:9-20 గురించి ఆధారాలు నిజంగా ఏం చెబుతున్నాయి? ఆ అంకెల్లో ఏది నిలుస్తుంది? మన తెలుగు బైబిల్ చేతిలో పెట్టుకుని ఇలాంటి చోట్లను ఎలా పట్టుకోవాలి? దయచేసి "విశ్వాసం ఉంటే చాలు" అనీ, "అన్నీ కట్టుకథలే" అనీ రాయకండి.

తాళపత్రం:

సందేహి గారూ, "పాత ప్రతుల్లో లేనే లేదు" అన్నది సగం నిజం.

4వ శతాబ్దపు రెండు పెద్ద గ్రీకు చేతిరాత పుస్తకాలు (కోడెక్సులు), వాటికన్ కోడెక్సూ సీనాయి కోడెక్సూ, మార్కు సువార్తను 16:8 దగ్గరే ఆపేస్తాయి. "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు", అంతే. 12వ శతాబ్దానికి చెందిన 304వ నంబరు ప్రతి కూడా అక్కడే ఆగుతుంది. గ్రీకులో ఈ జాబితా ఈ మూడింటితో సరి. ఈ చోటు మిగిలివున్న తక్కిన గ్రీకు ప్రతులన్నిటిలోనూ 9-20 వచనాల పొడవు ముగింపు ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. తలలు లెక్కపెడితే 9-20 గెలిచినట్టే. కానీ ఒకే తల్లిప్రతి నుంచి వెయ్యి నకళ్లు దిగితే అవి వెయ్యి సాక్ష్యాలు కావు, ఒక్కటే. తాళపత్ర గ్రంథాలతో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని లేఖకుడు చివర్లో రాసుకునేది అందుకే: చూసిన పుస్తకంలో ఎలా ఉంటే అలాగే దించాను, తప్పు నాది కాదు అని.

ఇతర భాషల్లో చూస్తే, పాత సిరియాక్ సీనాయి ప్రతి కూడా 16:8తోనే ఆగుతుంది. బాబియెన్సిస్ అనే పాత లాటిన్ ప్రతిలో ఒకటి రెండు వాక్యాల పొట్టి ముగింపు మాత్రమే ఉంది. కొన్ని గ్రీకు ప్రతులు పొట్టి ముగింపు, పొడవు ముగింపు రెండూ వరసగా రాశాయి. వాషింగ్టన్ కోడెక్స్ 14వ వచనం తర్వాత మరే ప్రతిలోనూ లేని ఒక పేరా కలిపింది. 8తో ఆగిన కథ చాలామందికి మింగుడుపడలేదనీ, తలో విధంగా పూడ్చారనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

లోపలి ఆధారం నా దృష్టిలో ఇంకా గట్టిది. 16:1లో మగ్దలేనే మరియ సమాధికి బయలుదేరింది. మళ్లీ 9వ వచనంలో "ఏడు దయ్యాలు వదిలిన ఆవిడ" అంటూ కొత్త పాత్రను పరిచయం చేసినట్టు చెబుతారు. 8వ వచనంలో కర్త స్త్రీలు. 9లో కర్త యేసు, కానీ గ్రీకులో ఆ పేరు చెప్పకుండానే వాక్యం మొదలవుతుంది. వారంలో మొదటి రోజును 16:2 ఒక మాటతో చెబితే 16:9 ఇంకో మాటతో చెబుతుంది. 14:28, 16:7 రెండూ గలిలయలో కలుస్తానని మాట ఇస్తాయి. 9-20లో గలిలయ ఊసే లేదు. మరొకరు రాసిన సారాంశాన్ని తెచ్చి అతికించినట్టుంది.

దీన్ని 4వ శతాబ్దపు కల్పన అనడం మాత్రం కుదరదు. లియోన్ బిషప్ ఐరేనియస్ సుమారు క్రీ.శ. 180లోనే 16:19ని మార్కు పేరు చెప్పి ఉదహరించాడు. అంటే వాటికన్ కోడెక్స్ కంటే నూటయాభై ఏళ్ల ముందే ఈ ముగింపు చలామణిలో ఉంది. మార్కు రాసింది కాకపోవచ్చు, కానీ 2వ శతాబ్దం నాటికే చేరిపోయింది.

ఇక అసలు చిక్కు. 18వ వచనం ప్రక్షిప్తమని విషం సవాలును దాటేస్తే, 15వ వచనం, "మీరు సర్వలోకమునకు వెళ్లి సర్వసృష్టికి సువార్తను ప్రకటించుడి", అదీ పోతుంది. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అనే 16వ వచనం కూడా. సువార్త సభల బ్యానర్ల మీద 15 ఉంచుకుని 18 వదిలేయడానికి ఏ ప్రతీ ఒప్పుకోదు. పన్నెండు వచనాలూ ఒకే కట్ట.

బెరయవాడు:

తాళపత్రం గారి చివరి పేరాను విశ్వాసిగా ఒప్పుకుంటున్నాను. సువార్త ప్రకటించమన్న ఆజ్ఞకు మత్తయి 28:19 ఉంది, దానికి ప్రతుల చిక్కు లేదు. అక్కడి నుంచి మాట్లాడటం మేలు.

వాటికన్ కోడెక్స్ గురించి ఒకటి కలపాలి. 16:8 తర్వాత ఆ లేఖకుడు ఒక నిలువు వరుస ఖాళీగా వదిలాడు. క్రొత్త నిబంధన మొత్తంలో అలా వదిలింది అక్కడే. పొడవు ముగింపు ఉందని అతనికి తెలుసనీ, అందుకే చోటు ఉంచాడనీ కొందరి వాదన. అయితే అదే కోడెక్స్ పాత నిబంధన భాగంలోనూ ఖాళీ వరుసలున్నాయి కాబట్టి నేను దీన్ని గట్టి ఆధారంగా వాడను. సీనాయి కోడెక్స్‌లోనైతే మార్కు చివర, లూకా మొదలు ఉన్న జంట ఆకు మొదటి లేఖకుడిది కాదు, తర్వాత మార్చి కుట్టింది. ఇది రెండు పక్షాల వీడియోల్లోనూ వినపడదు.

విషం సవాలుకు ప్రతుల జోలికి పోకుండానే జవాబుంది. గ్రీకులో అది "తాగినా" అనే షరతు, "తాగండి" అనే ఆజ్ఞ కాదు. మత్తయి 4:7లో దేవుణ్ని శోధించవద్దని యేసే అంటాడు. ఈ వచనాన్ని ఆజ్ఞగా తీసుకుని అమెరికాలోని అపలాచియన్ కొండప్రాంతంలో పాములు పట్టే ఆరాధనను వ్యాప్తిలోకి తెచ్చిన జార్జ్ హెన్స్లీ 1955లో పాము కాటుతోనే చనిపోయాడు.

5 లక్షల విషయం: ఒక అక్షరం తప్పు 2,000 ప్రతుల్లో ఉంటే 2,000 తప్పులని లెక్కేస్తారు. అంకె అంత పెద్దదవడానికి కారణం అదే.

తాళపత్రం:

బెరయవాడు బ్రదర్, చివరి మాట సరిదిద్దుకోండి. పుస్తకాల్లో చాలాకాలం తిరిగిన పొరపాటు అది. పాఠాంతరాలను, అంటే ప్రతుల మధ్య మాటల తేడాలను, అలా లెక్కపెట్టరు. ఒక తేడా 2,000 ప్రతుల్లో కనిపించినా అది ఒక్క పాఠాంతరమే. ఉత్త స్పెల్లింగ్ తేడాలు తీసేసి, గ్రీకు ప్రతుల్లో సుమారు 5 లక్షలు ఉండొచ్చని 2016లో వచ్చిన అంచనా. గ్రీకు క్రొత్త నిబంధనలో పదాలే దాదాపు 1,38,000. అంకె నిజంగానే పెద్దది, దాన్ని దాచి లాభం లేదు. చెప్పాల్సింది వేరే ఉంది: ప్రతులు పెరిగేకొద్దీ పాఠాంతరాలూ పెరుగుతాయి. ఒకే ప్రతి మిగిలి ఉంటే పాఠాంతరాలు సున్నా, కానీ దాన్ని సరిచూసే దారీ సున్నా.

అందులో చాలా భాగం ఏ అనువాదంలోనూ కనిపించనివి. ఎలా పుడతాయో చూస్తే భయం తగ్గుతుంది, అతినమ్మకమూ తగ్గుతుంది.

చెవి తప్పు: గ్రీకులో "మేము", "మీరు" అనే మాటలు కాలక్రమంలో ఒకేలా పలికేవి. అందుకే 1 యోహాను 1:4లో "మన సంతోషము" అని కొన్ని, "మీ సంతోషము" అని కొన్ని.

కంటి తప్పు: 1 యోహాను 2:23లో రెండు సగాలూ గ్రీకులో ఒకే మాటలతో ముగుస్తాయి. మొదటి సగం రాసి తలెత్తిన లేఖకుడి చూపు రెండో ముగింపు మీద పడింది, మధ్యది జారిపోయింది. తర్వాతి కాలపు ప్రతుల్లో చాలావాటికి ఆ రెండో సగం లేదు.

ఒక గీత తప్పు: 1 తిమోతి 3:16. దేవుడు అనే మాటను రెండక్షరాలకు కుదించి పైన గీత పెట్టేవారు. "ఎవరైతే" అనే మాటకూ దానికీ తేడా ఒక అక్షరం లోపలి అడ్డగీత, పైన ఉన్న గీత, అంతే. "దేవుడు శరీరధారిగా కనబడెను" అని తర్వాతి ప్రతులు, "ఆయన" అనే అర్థంలో పాతవి. మన పాత తెలుగు అనువాదం "ఆయన సశరీరుడుగా" అనే చెబుతుంది.

సర్దుబాటు: మార్కు 1:2 "యెషయాచేత వ్రాయబడినట్టు" అంటుంది, కానీ ఆ ఉదహరింపులో మొదటి భాగం మలాకీ 3:1ది. ఇబ్బందిపడ్డ లేఖకులు దాన్ని "ప్రవక్తలచేత" అని మార్చారు. ఇబ్బందిపెట్టే పాఠాన్నే పాతదిగా తీసుకోవాలన్న సూత్రం ఇక్కడి నుంచే అర్థమవుతుంది. సాఫీగా ఉన్నదాన్ని చెడగొట్టి కష్టం చేయాలని ఎవరూ అనుకోరు. పుణెలోని భండార్కర్ సంస్థ ప్రతులన్నీ పోల్చి మహాభారత సంశోధిత ప్రతిని తయారుచేసినప్పుడు వాడిన కొలబద్దల్లో ఇదీ ఒకటి.

99.5 శాతం మాట: 20,000 పంక్తుల్లో 40 పంక్తుల మీదే సందేహం ఉందన్న పాత లెక్కతో కలిపి దీన్ని చెబుతారు. భాగిస్తే 0.2 శాతం వస్తుంది, 0.5 కాదు. ఎలా భాగించినా, మార్కు చివరి 12 వచనాలు, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ ఉన్న యోహాను 7:53-8:11 మరో 12 వచనాలు, ఇవన్నీ ఒక శాతంలో ఇమిడిపోయే చిన్న సంగతులా? 5,800 కూడా అంతే. వాటిలో చాలా భాగం 9వ శతాబ్దం తర్వాతివి, పైగా చాలావరకు పూర్తి క్రొత్త నిబంధనలు కావు. మాంచెస్టర్‌లో ఉన్న యోహాను ముక్క, పీ52, ఏటీఎం కార్డంత ఉంటుంది. క్రీ.శ. 125 నాటిదని బల్లగుద్ది చెబుతుంటారు, కానీ లిపిని బట్టి వేసే తేదీని అంత కుదించలేం. 2వ శతాబ్దం అంటే చాలు.

చార్వాక:

నాస్తికుల వైపు నుంచి వచ్చే తప్పులు కూడా రాయాలి కదా, ఆ పని నాది.

325లో నైసియా సభ బైబిల్ పుస్తకాలను ఎంచలేదు. అక్కడ చర్చ యేసు సృష్టింపబడినవాడన్న ఏరియస్ బోధ మీద, ఈస్టర్ తేదీ మీద. వాళ్లు చేసిన 20 నిబంధనల్లో గ్రంథాల జాబితా లేదు. మనకు తెలిసిన 27 పుస్తకాలే క్రొత్త నిబంధనగా మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన పండుగ లేఖలో. "కాన్‌స్టంటైన్ బైబిల్ రాయించాడు" అనే వాక్యం ఎక్కడ వినపడినా అక్కడ మన వాదన బలహీనపడినట్టే.

1 యోహాను 5:7లోని "తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ" చూపించి త్రిత్వాన్ని కూల్చామని సంబరపడటమూ తొందరపాటే. ఆ మాటలు ప్రక్షిప్తమే. గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేసిన పండితుడు ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో వాటిని వేయలేదు. 1520 ప్రాంతంలో రాసిన ఒక గ్రీకు ప్రతి బయటికొచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. అక్కడి నుంచి 1611 ఇంగ్లిష్ (కింగ్ జేమ్స్) బైబిల్‌కు వెళ్లాయి. అయితే త్రిత్వం మీద 4వ శతాబ్దపు చర్చలన్నీ ఆ వచనం లేకుండానే జరిగాయి. ఒక దొంగసాక్షి పోయినంత మాత్రాన కేసు కొట్టేయరు.

అసలు ప్రశ్న వేరే చోట ఉంది. ప్రతి సరిగ్గా దిగిందా అన్నది ఒకటి, రాసింది జరిగిందా అన్నది మరొకటి. లూకా 2:2 తీసుకోండి. కురేనియ సిరియా అధిపతిగా ఉన్నప్పటి జనాభా లెక్క. ఈ వచనంలో అర్థం మారే పాఠాంతరం లేదు, లూకా రాసింది ఇదే. కానీ 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం ఆ లెక్క క్రీ.శ. 6లో జరిగింది. హేరోదు సాధారణంగా ఒప్పుకునే లెక్కలో క్రీ.పూ. 4లోనే చనిపోయాడు, మత్తయి యేసు జననాన్ని హేరోదు బ్రతికుండగా పెడతాడు. ఇక్కడ 5,800 కాదు, 58,000 ప్రతులు దొరికినా పదేళ్ల తేడా పూడదు. ఇటుపక్క అపొస్తలుల కార్యములు 18:12లోని గల్లియో అధిపతి గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనం వల్ల 51-52 ప్రాంతంలో సరిగ్గా కుదురుతాడు. ఏ వచనానికి ఆ వచనం విడిగా తేల్చుకోవాల్సిందే.

సందేహి:

ముగ్గురికీ ధన్యవాదాలు. పాత నిబంధనకూ ఇదే పద్ధతా? తెలుగు బైబిల్‌తో ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

తాళపత్రం:

పాత నిబంధనకు దారి కొంచెం వేరు. పూర్తి హెబ్రీ ప్రతుల్లో పాతది లెనిన్‌గ్రాడ్ కోడెక్స్, 1008 ప్రాంతానిది. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టలు దానికంటే వెయ్యేళ్లు పాతవి. యెషయా పెద్ద చుట్ట చాలావరకు తర్వాతి పాఠానికి దగ్గరగా ఉంది. దాన్ని విశ్వాసులు ఎప్పుడూ చూపిస్తారు, తప్పులేదు. కానీ సమూయేలు చుట్టను ఎవరూ చూపించరు. 1 సమూయేలు 17:4లో గొల్యాతు మన బైబిల్లో "ఆరుమూళ్లజేనెడు", అంటే పది అడుగులకు కాస్త తక్కువ. ఆ చుట్టలోనూ గ్రీకు అనువాదపు పాత ప్రతుల్లోనూ నాలుగు మూళ్ల జేనెడు, ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. యిర్మీయా గ్రీకు పాఠమైతే హెబ్రీ కంటే ఎనిమిదో వంతు పొట్టి.

తెలుగుతో మొదలుపెట్టాలంటే బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం, 1611 ఇంగ్లిష్ అనువాదం పక్కపక్కన పెట్టుకోండి. మత్తయి 6:13 చివర, 1 యోహాను 5:7-8, ప్రకటన 22:19, ఈ మూడూ చూడండి. ప్రార్థనలో చెప్పుకునే "రాజ్యము బలము మహిమ" తెలుగు వచనంలో లేదని గమనిస్తారు. సీనాయి, వాటికన్ కోడెక్సుల్లోనూ లేదు. 1 యోహాను 5:7లోని పరలోక సాక్షులు ముగ్గురూ (తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ) తెలుగులో లేరు. ప్రకటన 22:19లో తెలుగు "జీవవృక్షము" అంటే 1611ది "జీవగ్రంథము" అంటుంది. ఎరాస్మస్ దగ్గరున్న ఒకే ఒక్క ప్రకటన ప్రతికి చివరి ఆకు పోయింది. ఆ వచనాలను లాటిన్ నుంచి గ్రీకులోకి తిప్పి రాసుకున్నాడు, "గ్రంథము" అలా వచ్చింది. ఏ గ్రీకు ప్రతి చూసి కాదు.

తర్వాత ప్రతులన్నీ పోల్చి తయారుచేసిన గ్రీకు విమర్శనాత్మక ముద్రణలో అదే చోటు చూడండి. మార్కు 16:9-20 జంట చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. మూలంలో లేదు, కానీ పాతది, అని దాని అర్థం. కింద ఏ ప్రతి ఏ పాఠం ఇస్తుందో గుర్తులతో ఉంటుంది. సీనాయి కోడెక్స్ ఫొటోలు 2009 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటికన్‌ది ఆ గ్రంథాలయపు సైట్లో ఉంది. గ్రీకు పెద్దక్షరాలు 24 నేర్చుకుంటే చాలు, మార్కు చివరి వరుస మీరే చదవొచ్చు. పదాల మధ్య ఖాళీలుండవు, మొదట కాస్త తికమకపడతారు.

ఒక్క జాగ్రత్త. "ఒకటో శతాబ్దపు మార్కు ప్రతి దొరికింది" అని 2012లో ఒక వాదనా వేదిక మీద ప్రకటించారు. ఆ ముక్కను 2018లో ప్రచురించినప్పుడు 2వ శతాబ్దం చివరిదో 3వ శతాబ్దం మొదటిదో అని తేలింది. ఆ పాత వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, దాన్ని మాత్రం వాదనలో వాడకండి.