ఇంటికొచ్చి చెప్పే ట్యూషన్ టీచర్ మంచివారో కాదో డెమో క్లాసులోనే పట్టుకోవడం ఎలా?

వెన్నెలగూడు:

నమస్తే అండి. ఏడో తరగతి అమ్మాయికి లెక్కల కోసం ఇంటికొచ్చి చెప్పే టీచర్‌ని పెడదామని చూస్తున్నాం. చెప్తున్నప్పుడు అన్నీ అర్థమయ్యాయంటుంది, పరీక్ష పేపర్ చేతికొచ్చేసరికి తెలిసిన లెక్కల్లోనే తప్పులుంటున్నాయి. ఇద్దరితో మాట్లాడాం. ఒకాయనకి పెద్ద డిగ్రీ ఉంది, నెలన్నరలో సిలబస్ మొత్తం పూర్తిచేస్తానన్నారు. రెండో ఆవిడ మాత్రం "ముందు రెండు క్లాసులు చూస్తాను, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ తర్వాతే చెప్తాను" అన్నారు. ఇద్దరూ ఒక్కో డెమో క్లాస్ చెప్తారు. పక్కన కూర్చుంటే దేన్ని గమనించాలి? పెట్టాక ఎన్నాళ్లకి తేడా తెలియాలి?

పలకాబలపం:

రెండో ఆవిడ అన్న మాటే సరైన మొదలండి. క్లాసులో నలభై మందికి చెప్పేవారికి ఒక్కొక్కరి తప్పు వెనకాల ఏముందో చూసే తీరిక ఉండదు. ఒక్కరికే చెప్తూ కూడా అది చూడకపోతే ఇక ట్యూషన్ దేనికి?

52లోంచి 38 తీసేస్తే 26 అని పిల్ల రాసిందనుకోండి. చాలామంది "అజాగ్రత్త" అంటారు. అది అజాగ్రత్త కాదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసేసింది. ఎప్పుడైనా పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని తనకి తానే ఒక రూలు పెట్టుకుంది. ఇప్పుడు ఇంకో ఇరవై తీసివేతలు ఇస్తే ఆ తప్పుడు రూలే ఇరవైసార్లు గట్టిపడుతుంది.

దశాంశాల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 0.35 పెద్దదా, 0.4 పెద్దదా అని అడిగితే కొందరు 35 పెద్దది కదా అని 0.35 అంటారు. ఆ తప్పు వెంటనే కనిపిస్తుంది. కొందరు మాత్రం వందో వంతులు చిన్న ముక్కలు కాబట్టి చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే సంఖ్య చిన్నదని నమ్ముతారు. వాళ్లు 0.4 అని సరిగ్గానే చెప్తారు, టీచర్ టిక్కు పెట్టేస్తారు. వాళ్లనే 0.3, 0.45 అడిగి చూడండి, 0.3 పెద్దదంటారు. అందుకే తెలిసిన టీచర్ ఒక్క జతతో ఆగరు. ఇలాంటి రెండు జతలు పక్కపక్కన పెడతారు, జవాబు సరిగ్గా వచ్చినా "ఎలా తెలిసింది?" అని అడుగుతారు. డెమోలో ఈ ప్రశ్న తప్పు జవాబులకే వస్తోందా, ఒప్పు జవాబులకి కూడా వస్తోందా అన్నది చూడండి. నేనైతే మొట్టమొదట చూసే గుర్తు అదే.

మొదటి క్లాసుకి వాళ్లు తయారుచేసుకునే పేపర్ ఇలా ఉంటే మంచిది: 12 నుంచి 15 లెక్కలు, అరగంట సమయం, సగం పైగా కింది రెండు తరగతుల పాఠాల్లోంచి. మార్కులు వేయకూడదు. రబ్బరు వాడనివ్వకూడదు, తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయమనాలి. చెరిపేసిన చోటే కదా పిల్ల ఆలోచన ఉండేది! ఆ పేపర్‌ని తేదీ వేసి దాచమనండి, తర్వాత పనికొస్తుంది.

చుక్కలముగ్గు:

పైన చెప్పినదానికి ఇంకో రెండు కలుపుతాను. ఒకటి, పెన్ను ఎవరి చేతిలో ఉంది? రెండు, ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఊరుకుంటున్నారు?

రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్ని గమనించి 1970లలో రాసిన మాట ఇది: టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ విరామాన్ని 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి చూడండి, ఆ నిశ్శబ్దం ఎంత పెద్దగా అనిపిస్తుందో. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే టీచర్‌కి అది ఇంకా ఇబ్బంది, ఏమీ చెప్పట్లేదనుకుంటారేమోనని జవాబు అందించేస్తారు. కాబట్టి మీరు కాస్త వెనక్కి, వాళ్ల కళ్లకి ఎదురుపడకుండా కూర్చోండి.

ఇక "అర్థమైంది, పరీక్షలో రాలేదు" అన్నదాని గురించి. టీచర్ లెక్క చేస్తుంటే చూడటం హాయిగా ఉంటుంది, ప్రతి మెట్టూ సబబుగానే తోస్తుంది. దాన్నే పిల్ల అర్థమవడం అనుకుంటుంది. కానీ మొదటి మెట్టు ఏది వేయాలో తేల్చుకునే పని తను చేయలేదు, పరీక్షలో అడిగేది సరిగ్గా ఆ పనే. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకి 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. అంటే క్లాసు అయిన వెంటనే "బాగా వచ్చింది" అనే మాటని నమ్మడానికి లేదు.

గంట క్లాసు సుమారుగా ఇలా నడిస్తే బావుంటుంది. మొదటి 10 నిమిషాలు పోయిన క్లాసువీ, అంతకు ముందు వారానివీ కలిపి మూడు నాలుగు లెక్కలు, పుస్తకం చూడకుండా. తర్వాత ఓ 15 నిమిషాలు కొత్త విషయం. ఆ తర్వాత అరగంట వరకు పిల్ల చేయాలి, టీచర్ చూడాలి. చివరి 5 నిమిషాల్లో పిల్ల ఒక లెక్కని టీచర్‌కి పాఠంలా చెప్పాలి. లెక్కలు ఒకే రకంవి వరసగా ఇస్తే మూడో దానికల్లా చెయ్యి దానంతటదే పోతుంది, ఆలోచన ఉండదు. రకాలు కలిపి ఇవ్వాలి. మొదట్లో తప్పులు పెరుగుతాయి, దానికి మీరు కంగారు పడకండి.

తీసివేత:

అన్నీ బాగానే చెప్పారు. అయితే డిగ్రీ అక్కర్లేదన్నట్టు ధ్వనిస్తోంది, అక్కడ కొంచెం ఆగాలి. సబ్జెక్టు లోతు తెలియని మనిషి ఎంత ఓపికగా ఉన్నా, పిల్ల "ఎందుకు?" అనగానే "అది రూలమ్మా" అనేస్తారు. కాకపోతే డిగ్రీ కాగితం మీద ఆ లోతు కనబడదు, అడిగి చూడాలి.

రెండు ప్రశ్నలు చాలు. రుణ సంఖ్యని రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకొస్తుంది? భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తిరగేస్తాం? మొదటిదానికి 3 × −2 = −6, 2 × −2 = −4, 1 × −2 = −2, 0 × −2 = 0 అని రాసి, ప్రతిసారీ జవాబు 2 పెరుగుతోందని పిల్లకే కనబడేలా చేసి, తర్వాతి వరస −1 × −2కి ఏమి రావాలో తననే అడిగేవారు నాకు నచ్చుతారు. రెండోదానికి "3లో అరలు ఎన్ని ఉన్నాయి?" అని మొదలుపెడితే చాలు, 6 అని పిల్లే అంటుంది. ఒకే దారి పిల్లకి ఎక్కకపోతే రెండో దారి, మూడో దారి ఉండాలి. అదే దారిని గొంతు పెంచి మళ్లీ చెప్పడం ఇంకో దారి అవదు. ఏదైనా తెలియకపోతే "చూసుకుని వచ్చే క్లాసులో చెప్తాను" అని, నిజంగా చెప్పేవారిని వదులుకోకండి.

ఇంకో హెచ్చరిక. బడి హోంవర్క్ పూర్తిచేయించడమే ట్యూషన్‌గా మారిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. నోట్‌బుక్ శుభ్రంగా కనిపిస్తుంది, బడిలో టీచర్‌కి పిల్ల ఎక్కడ ఆగిపోతోందో తెలియకుండా పోతుంది. హోంవర్క్‌లో పిల్ల తనంతట చేసినవి ఒక రంగు, సాయంతో చేసినవి ఇంకో రంగు పెన్నుతో రాయించే టీచర్ అయితే ఈ బెడద ఉండదు.

వెన్నెలగూడు:

చాలా థాంక్సండి, ఇంత వివరంగా చెప్పినందుకు. మా పిల్ల మొహమాటస్థురాలు, తప్పు చెప్తానేమోనని నోరు విప్పదు. "ఎలా తెలిసింది?" అని అడిగితే ఇంకా బిగుసుకుపోతుందేమో. దానికేమైనా ఉపాయం ఉందా? ఎన్నాళ్లు చూడాలో కూడా చెప్పండి.

పలకాబలపం:

మొహమాటపడే పిల్లల్ని మొదటి రెండు వారాలు సొంత లెక్క గురించి అడక్కుండా, ఇంకెవరో చేసిన లెక్క చూపించి అడగాలి. 1/2 + 1/3 = 2/5 అని కాగితం మీద రాసి "ఒకమ్మాయి ఇలా చేసింది. ఏమనుకుని ఉంటుంది?" అనాలి. పైవి పైవి, కిందవి కిందవి కలిపేసిందని పిల్ల చెప్తుంది. "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడగండి. తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అయింది? ఇక్కడ ఆగి, చుక్కలముగ్గు గారు చెప్పిన మూడు సెకన్లు ఊరుకోవాలి. తప్పు తనది కాదు కాబట్టి ధైర్యంగా మాట్లాడుతుంది, అదే తప్పు తన నోట్‌బుక్‌లో ఉంటే తనే దిద్దుకుంటుంది కూడా.

మెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. "తెలివైనదానివి" అంటే తర్వాతి తప్పుకి ఆ తెలివి పోయినట్టే భయపడుతుంది. "కూడే ముందు హారాలు సమానం చేశావు, అందుకే వచ్చింది" అంటే ఏం చేస్తే మళ్లీ వస్తుందో తెలుస్తుంది.

ఎన్నాళ్లంటే, మూడు నాలుగు వారాలకి పిల్ల తనంతట ప్రశ్నలు వేయడం, చిక్కుపడ్డ చోటు వేలు పెట్టి చూపించడం కనబడాలి. "ఏమీ రావట్లేదు" నుంచి "ఇక్కడి దాకా వచ్చింది, ఇక్కడ ఆగింది" దాకా రావడం చాలా పెద్ద అడుగు. 8 వారాలకి మొదటి రోజు దాచిన పేపర్‌ని అంకెలు మార్చి మళ్లీ పెట్టమనండి. దాంట్లో కదలిక లేకపోతే మొహమాటపడకుండా మాట్లాడాలి. బడి మార్కులు మాత్రం ఆలస్యంగా కదులుతాయి, ఎందుకంటే బడి పరీక్ష ఈ నెల పాఠం మీద ఉంటుంది, టీచర్ బాగుచేస్తున్నది రెండేళ్ల కిందటి భిన్నాలని.

చుక్కలముగ్గు:

ఏర్పాట్ల గురించి క్లుప్తంగా. వారానికోసారి మూడు గంటలు కూర్చోబెట్టే బదులు గంట చొప్పున మూడు రోజులు పెట్టండి, మధ్యలో మరిచిపోయి మళ్లీ గుర్తుచేసుకోవడమే పిల్లకి సాధన. క్లాసు తలుపు తీసి ఉన్న గదిలో, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే. ఫోన్ సందేశాలు పిల్లకి కాకుండా మీకే రావాలి. ఈ రెండూ ముందే చెప్తే మంచి టీచర్ ఎవరూ నొచ్చుకోరు. నెలన్నరలో సిలబస్ అన్న ఆయన్ని కూడా ఒకసారి అడగండి: "పిల్లకి భిన్నాలే రావని తేలితే ఏం చేస్తారు?" అని. ఏం జవాబిచ్చారో ఇక్కడ రాస్తే, డెమో పేపర్‌లో ఏ లెక్కలు పెట్టమనాలో కలిసి చూద్దాం.